కలానికి ప్రాణమిచ్చిన షోయబుల్లా ఖాన్

ఖమ్మం నుంచి హైదరాబాదు వెళ్లే రైలు డోర్నకల్ దాటిన కొద్దిసేపటికి మహబూబాబాద్ చేరుతుంది. మన వైపు వాళ్లకు అది మానుకోట. ఆ దారిలో మేము ఎన్నిసార్లు ప్రయాణం చేశామో లెక్క లేదు. మదరసాలో చదువుకునే రోజుల్లో ట్రంకు పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లాం. ఉపాధ్యాయులమయ్యాక పిల్లలకు పుస్తకాలు తెచ్చేందుకు వెళ్లాం. ఆ స్టేషనుకూ, సత్యం కోసం ప్రాణమిచ్చిన ఒక పాత్రికేయుడికీ సంబంధం ఉందని మాకు తెలిసేసరికి మా గడ్డం సగం నెరిసింది. మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ ఎవరినీ అడగలేదు.

ఆయన పేరు షోయబుల్లా ఖాన్. హైదరాబాదు సంస్థానంలో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రికకు సంపాదకులు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా కాచిగూడ దగ్గర ఆయనపై దాడి జరిగింది. తెల్లవారేలోగా కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు.

ఆయనను చంపినవారు ముస్లిములు. ముస్లిములను కాపాడుతున్నామని చెప్పుకున్నవారు. అందువల్లనే ఆయన పేరెత్తడానికి మనలో చాలామందికి నోరు రాదు. ఇతరులు ఆయన పేరు చెబితే మనకు చురుక్కుమంటుంది. మనం చెప్పుకోకపోతే ఆయన మనవాడు కాకుండా పోతాడు. కాబట్టి ఈ శుక్రవారం ఆ జీవితాన్ని మొదటి నుంచీ మనమే చెప్పుకుందాం.

మానుకోట బిడ్డ

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న సుబ్రవేడులో జన్మించారు. నేడు ఖమ్మం వేరు, మహబూబాబాద్ వేరు. ఆనాడు రెండూ వరంగల్ జిల్లాలోనివే. ఖమ్మం విడి జిల్లా అయింది 1953లో. గోదావరి అవతల ఉన్న భద్రాచలం అప్పట్లో మనది కాదు. అది మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి జిల్లాకు చెందింది. 1959లో గానీ ఖమ్మంలో కలవలేదు. ఇవతలి ఒడ్డున పాల్వంచ నిజాం రాజ్యం. నది దాటితే రాజ్యం మారేది, రూపాయి మారేది, చట్టమూ మారేది.

తండ్రి హబీబుల్లా ఖాన్ గారు రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. ఆ కుటుంబం ఉత్తర భారతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. మహాత్మా గాంధీ రైలులో మానుకోట మీదుగా వెళ్లిన రోజుల్లోనే ఈ బిడ్డ పుట్టాడట. స్టేషనులో గాంధీని చూసి ఇంటికి వచ్చిన తండ్రికి పసివాడి ముఖంలో అవే పోలికలు కనిపించాయట. ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలుచుకునేవారని ఆ ఇంట చెప్పుకున్న మాట. నిజాం కొలువులో ఉన్న ఒక పోలీసు ఉద్యోగి కన్నకొడుకును ఆ పేరుతో పిలుచుకోవడం గమనించదగిన విషయమే. ఆ పేరు తర్వాత ఆయనకు ఏం తెచ్చిపెట్టిందో ముందు ముందు చూస్తాం.

షోయబ్ అన్న పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. హజ్రత్ షుఐబ్ (అ) మద్‌యన్ ప్రజల వద్దకు వచ్చిన ప్రవక్త. తూకంలో మోసం చేయవద్దని, జనానికి దక్కవలసిన దానిలో కోత పెట్టవద్దని తన జాతి వారికే బోధించారు. ఆ జాతి ఆయన మాట వినలేదు సరికదా, ఊరి నుంచి వెళ్లగొడతామని బెదిరించింది. మదరసా పిల్లలందరికీ తెలిసిన వృత్తాంతమే ఇది. పేరు పెట్టిన తల్లిదండ్రులకు అప్పుడు ఏం తెలుస్తుంది? తెలియకుండానే తగిన పేరు పెట్టారు.

కొలువు వద్దు, పత్రిక చాలు

షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. 1918లో మొదలైన ఆ విద్యాలయంలో ఆనాడు బోధన అంతా ఉర్దూలోనే సాగేది. అక్కడ చదివి బయటకు వచ్చిన ముస్లిం యువకుడికి సర్కారు కొలువు దొరకడం కష్టం కాదు. తండ్రి పోలీసు శాఖలో ఉన్నారు కాబట్టి దారి మరింత సులువు. అటువంటి దారి వదిలి ఆయన పత్రికల వైపు నడిచారు. జీతం తక్కువ, భయం ఎక్కువ.

ఆనాటి సంస్థానంలో పత్రిక నడపడం అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పాలి. పత్రిక పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. సభ పెట్టుకోవాలన్నా ముందుగా అనుమతి కావాలి. 1929లో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అందుకే అపకీర్తి పొందింది. బయటి నుంచి వచ్చే పత్రికల్లో సర్కారుకు గిట్టనివాటిని సరిహద్దులోనే ఆపేసేవారు. గోదావరి అవతలి ఒడ్డున చదువుకోగలిగిన కాగితం ఇవతలి ఒడ్డున దగ్గర ఉంటే నేరం కావచ్చు.

అయినా పత్రికలు పుట్టాయి. తెలుగులో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక 1926లో వచ్చింది. ఉర్దూలో మందుముల నరసింగరావు గారు 'రయ్యత్' నడిపారు. ఖాజీ అబ్దుల్ గఫార్ గారు 'పయామ్' నడిపారు. రయ్యత్ అంటే ప్రజలు. పయామ్ అంటే సందేశం. ఒక హిందువు ఉర్దూలో పత్రిక పెట్టి ప్రజల పక్షాన రాయడం, ముస్లిం యువకులు అందులో చేరి పనిచేయడం ఆనాటి హైదరాబాదులో వింత కాదు. భాషకు మతం అంటగట్టే జబ్బు ఇంకా ముదరలేదు.

షోయబుల్లా మొదట 'తేజ్' అనే పత్రికలో చేరారు. ఆయన రాతలు సూటిగా ఉండేవి. సర్కారు ఆ పత్రికను నిషేధించింది. అప్పుడు నరసింగరావు గారి రయ్యత్‌లో చేరారు. అక్కడా ఆయన కలం మారలేదు. కొంతకాలానికి రయ్యత్ కూడా మూతపడింది. రెండు పత్రికలు కళ్లముందే ఆగిపోయాయి. ఇంకొకరైతే ఇది మన నసీబులో లేదనుకుని తండ్రి చూపించిన కొలువులో చేరేవారు.

నగలు అమ్మి పెట్టిన పత్రిక

ఆయన అలా అనుకోలేదు. తానే ఒక పత్రిక పెట్టాలని నిశ్చయించుకున్నారు. తల్లి నగలు, భార్య నగలు అమ్మారు. న్యాయవాది, కాంగ్రెస్ నాయకులు బూర్గుల రామకృష్ణారావు గారు, వారి బంధువులు చేయూతనిచ్చారు. ఈ రామకృష్ణారావు గారే తర్వాత 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. కాచిగూడలో కార్యాలయం ఏర్పడింది. 1947 నవంబరు 15న 'ఇమ్రోజ్' మొదటి సంచిక వెలువడింది.

ఇమ్రోజ్ అంటే ఈ రోజు. రేపు ఏమవుతుందో అని నగరం అంతా వణుకుతున్న సమయంలో ఆయన పత్రికకు పెట్టుకున్న పేరు అది.

ఆ ఏడాది ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత యూనియన్‌లో చేరలేదు. నవంబరు 29న ఒక ఏడాదికి యథాతథ ఒడంబడిక జరిగింది. ఈలోగా రజాకార్లు బలపడ్డారు. రజాకార్ అన్న మాటకు అర్థం స్వచ్ఛంద సేవకుడు. మంచి మాట. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతిలో ఆ మాటకు అర్థం మారిపోయింది. బహదూర్ యార్ జంగ్ 1944లో చనిపోయిన తర్వాత కొంతకాలానికి మజ్లిస్ పగ్గాలు రజ్వీకి దక్కాయి. ఆయన ఉపన్యాసాలకు జనం ఊగిపోయేవారు. ఊళ్లపై దాడులు, ఇళ్ల దహనాలు, దోపిడీలు జరిగాయి. మన ఖమ్మం, మానుకోట ప్రాంతాల్లో ఆ గాయాలు ఎంత లోతైనవో ఏ ఊరి రచ్చబండ దగ్గర అడిగినా చెబుతారు.

ఇమ్రోజ్ రాసిన విషయాలు రెండు. మొదటిది, సంస్థానం భారత యూనియన్‌లో శాంతియుతంగా చేరాలి, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలి. రెండవది, రజాకార్ల దౌర్జన్యం ఆగాలి. ఈ రెండూ ఆనాడు వీధిలో పైకి అనలేని మాటలు. అవి ఉర్దూలో, ఒక ముస్లిం సంపాదకుని పేరు కింద, రోజూ అచ్చయ్యేవి. రజాకార్ల కోపానికి అసలు కారణం ఇక్కడే ఉంది. తెలుగులోనో ఇంగ్లిషులోనో మరొకరు రాస్తే శత్రువు రాశాడని చెప్పి తోసిపుచ్చవచ్చు. ఇంటి భాషలో ఇంటివాడే రాస్తే ఏం చేయాలి? వారు చెప్పే మాట ముస్లిములందరి మాట కాదని ఇమ్రోజ్ ప్రతి ఉదయం రుజువు చేసేది.

పగటి సర్కారు, రాత్రి సర్కారు

1948 జనవరి 29న ఆయన రాసిన సంపాదకీయం పేరుపొందింది. సంస్థానంలో పగలు ఒక సర్కారు, రాత్రి మరొక సర్కారు నడుస్తున్నాయన్నది దాని సారాంశం. పగలు అధికారులు కచేరీలలో కూర్చుంటారు. చీకటి పడితే రజాకార్ల రాజ్యం. మరునాడు జనవరి 30న ఢిల్లీలో మహాత్మా గాంధీ హత్య జరిగింది. తండ్రి ఏ గాంధీ పోలికలు కొడుకులో చూసుకున్నారో ఆ గాంధీని చంపినవాడు తన మతాన్ని కాపాడుతున్నానని అనుకున్నవాడే. ఏడు నెలలు తిరగకముందే షోయబుల్లా విషయంలోనూ అదే జరిగింది.

బెదిరింపు ఉత్తరాలు రావడం మొదలైంది. చిన్ననాటి ముద్దుపేరు ఇప్పుడు నింద అయింది. గాంధీ మనిషి అన్నారు, జాతి ద్రోహి అన్నారు. శ్రేయోభిలాషులు నగరం వదిలి కొంతకాలం ఎటైనా వెళ్లమని చెప్పారు. సరిహద్దు దాటి బెజవాడకో, నాగపూరుకో, షోలాపూరుకో వెళ్లినవారు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. అది తప్పు కూడా కాదు. షోయబుల్లా వెళ్లలేదు. ఇమ్రోజ్ ఉదయం రావాలంటే సంపాదకుడు రాత్రి ఆఫీసులో ఉండాలి కదా.

ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దమనుషులు ధైర్యం చేసి ఒక ప్రకటన విడుదల చేశారు. నవాబ్ మంజూర్ జంగ్, బాఖర్ అలీ మీర్జా మొదలైనవారు వారిలో ఉన్నారు. రజాకారు దళాలను రద్దు చేయాలని, సంస్థానాన్ని యూనియన్‌లో కలపాలని వారు కోరారు. ఆ ప్రకటన పత్రికలకెక్కింది. నగరంలో కలకలం రేగింది. ఆగస్టు 19న జమ్రూద్ మహల్‌లో జరిగిన సభలో ఖాసిం రజ్వీ తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేయాలన్న ధోరణిలో మాట్లాడారు. వేదిక మీది నుంచి వచ్చిన మాట కింద కూర్చున్నవాడి చెవిలో ఎలా పడుతుందో మాట్లాడేవాడికి తెలియకపోదు. మధ్యలో గడిచింది రెండు రోజులే.

ఆ రాత్రి

ఆగస్టు 21, శనివారం. రంజాను పండుగ వెళ్లి రెండు వారాలైంది. షోయబుల్లా ఎప్పటిలాగే ఆఫీసులో మరునాటి పత్రిక పని చూసుకున్నారు. అర్ధరాత్రి దాటాక బావమరిదితో కలిసి ఇంటికి బయలుదేరారు. ఇల్లు దగ్గరే. కాచిగూడలో లింగంపల్లి చౌరస్తా సమీపంలో హంతకులు వెంటపడ్డారు. తుపాకి పేల్చారు. కత్తులతో రాసే చేతిని నరికారు. అడ్డం వచ్చిన బావమరిది చేయి కూడా తెగింది.

కేకలు విని జనం వచ్చేసరికి దుండగులు చీకటిలో కలిసిపోయారు. నెత్తురోడుతున్న ఆయన కొన్ని గంటలు ప్రాణంతో ఉన్నారు. 22వ తేదీ తెల్లవారకముందే తుదిశ్వాస విడిచారు. వృద్ధులైన తల్లిదండ్రులు, చిన్న కూతురు, నిండు గర్భిణి అయిన భార్య మిగిలారు. అమ్ముకున్న నగల స్థానంలో ఆ ఇంటికి దక్కింది ఒక పత్రిక పేరు మాత్రమే. గోషామహల్ మాలకుంట ఖబ్రస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు.

మా మదరసాలో పెద్ద తరగతి పిల్లవాడొకడు ఈ సంగతి విని, ముస్లిముల చేతిలో చనిపోయిన ముస్లింను షహీద్ అనవచ్చా అని మమ్మల్ని అడిగాడు. ఎవరి స్థానం ఎక్కడో నిర్ణయించేది అల్లాహ్ ఒక్కడే, మనం కాదు అని చెప్పాం. అయితే ఒకటి మాత్రం మనం నిస్సందేహంగా చెప్పగలం. ఆయన మజ్లూమ్, అంటే అన్యాయానికి గురైనవాడు. అన్యాయం చేసినవాడి పేరు మన పేరులాగే ఉన్నంత మాత్రాన అన్యాయం న్యాయం అయిపోదు. సాక్ష్యం చెప్పేటప్పుడు సొంతవారని, కన్నవారని చూడకూడదన్నది మన దీన్ నేర్పిన తొలి పాఠాల్లో ఒకటి. షోయబుల్లా చేసింది ఆ సాక్ష్యమే.

మౌనం రెండు వైపులా

ఆయన పోయిన 22 రోజులకే, సెప్టెంబరు 13న, భారత సైన్యాలు సంస్థానంలో ప్రవేశించాయి. 17వ తేదీకల్లా అంతా ముగిసింది. రజ్వీ అరెస్టయ్యారు. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయారు. రేపిన మంటలో కాలిపోయినవారు మాత్రం ఎక్కడికీ వెళ్లలేకపోయారు.

ఆ తర్వాత కొన్ని వారాలపాటు సంస్థానంలో ముస్లిములపై ఘోరమైన దాడులు జరిగాయి. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం మరీ ఎక్కువ. రజాకార్లతో ఏ సంబంధమూ లేని రైతులు, చేతివృత్తులవారు, ఆడవారు, పిల్లలు బలయ్యారు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఊరూరా తిరిగి, మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 వరకు ఉంటుందని అంచనా వేసింది. ఆ కమిటీలో పయామ్ పత్రికను నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్ గారు కూడా సభ్యులు. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. అది జనానికి చూడటానికి దొరికింది 2013లో, అంటే 60 ఏళ్లు దాటాక.

ఈ బాధ వల్లనే మన పెద్దలు 1948 గురించి మాట్లాడటం మానుకున్నారు. మా ఇంట్లో కూడా ఆ ఏడాది మాట వస్తే గొంతులు తగ్గేవి, పిల్లలను బయట ఆడుకోమనేవారు. చాలా ఏళ్ల కిందట ఖమ్మంలో ఒక చిన్న సభలో మేము షోయబుల్లా పేరెత్తాం. పెద్దాయన ఒకరు లేచి, మన చచ్చినవాళ్ల సంగతి ఎవడూ రాయడు, నువ్వు మాత్రం మనవాళ్ల తప్పులే తవ్వుతావా అని కోప్పడ్డారు. ఆయన కుటుంబం పడ్డ కష్టాలు మాకు తెలుసు కాబట్టి కూర్చుండిపోయాం. తర్వాత కూడా చాలాకాలం మాట్లాడలేదు. అది మా బలహీనత అని ఈరోజు ఒప్పుకుంటున్నాం.

ఆ పెద్దాయన బాధ నిజమే. కానీ ఆలోచించి చూస్తే షోయబుల్లా మరణం, సుందర్‌లాల్ నివేదిక మరుగున పడటం రెండు వేర్వేరు సంగతులు కావు. ఒకచోట రాసే చేతిని నరికారు. ఇంకొకచోట రాసిన కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. మొదటిది మనవాళ్లు చేశారని దాచి, రెండవది ఇతరులు చేశారని ఏడిస్తే మన ఏడుపును ఎవరు నమ్ముతారు? షోయబుల్లా కోరింది నెత్తురు చిందకుండా జరిగే విలీనం. ఆ మాట వినే చెవులు ఆనాడు ఉండి ఉంటే, అటు రజాకార్ల చేతిలో పోయిన ప్రాణాలు, ఇటు సెప్టెంబరు తర్వాత పోయిన ప్రాణాలు ఎన్నో నిలిచేవని మా నమ్మకం.

జైలుకు వెళ్లిన కలాలు

ఆయన ఒంటరివాడు కాదు. ఆయనకు ముందు ఒక పెద్ద సిల్‌సిలా ఉంది. 1857లో ఢిల్లీ ఉర్దూ అఖ్‌బార్ సంపాదకులు మౌల్వీ ముహమ్మద్ బాఖర్ గారిని ఇంగ్లిషువారు చంపారు. మౌలానా ఆజాద్ 1912లో కలకత్తాలో స్థాపించిన అల్ హిలాల్ పత్రికను జామీను సొమ్ము గుంజి మూయించారు. ఆయనను 1916 నుంచి కొన్నేళ్లు రాంచీలో నిర్బంధించారు.

1908వ సంవత్సరం ఇంకా విశేషమైనది. ఆ ఏడాది అలీగఢ్‌లో ఉర్దూ ఎ ముఅల్లా సంపాదకులు మౌలానా హస్రత్ మోహానీని జైలుకు పంపారు. ఈజిప్టులో ఇంగ్లిషువారి పాలన గురించి పేరు లేకుండా వచ్చిన ఒక వ్యాసం దానికి కారణం. రాసినవారి పేరు చెప్పమంటే ఆయన చెప్పలేదు. నేరం తనపై వేసుకుని జైల్లో తిరగలి విసిరారు. సరిగ్గా అదే ఏడాది బెజవాడలో స్వరాజ్య పత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి ఒక వ్యాసం కారణంగానే జైలుశిక్ష పడింది. ఒకరిది ఉర్దూ, ఒకరిది తెలుగు. ఇద్దరి కాళ్లకూ పడిన గొలుసు ఒకే సర్కారుది.

జైలుకు వెళ్లినవారి కోసం బయట ఎవరు నిలబడ్డారన్నది కూడా చరిత్రే. కామ్రేడ్, హమ్‌దర్ద్ పత్రికల సంపాదకులు మౌలానా ముహమ్మద్ అలీని 1915లో అన్న షౌకత్ అలీతో పాటు నిర్బంధించారు. అప్పుడు వారి వృద్ధమాత ఆబాదీ బానో బేగం, లోకం బీ అమ్మాఁ అని పిలుచుకున్న ఆ తల్లి, బురఖాలోనే వేదికలెక్కి బిడ్డల విడుదల కోసం మాట్లాడారు. తన బిడ్డల కోసమే కాదు, అదే కాలంలో నిర్బంధంలో ఉన్న అనీ బిసెంట్ కోసం కూడా గొంతెత్తారు. ఖైదీ తన బిడ్డా, పరాయి బిడ్డా, ఏ మతం వారు అని ఆమె లెక్క చూసుకోలేదు. 1919 చివర ఆ సోదరులు విడుదలయ్యారు.

మన అడవి అంచున

ఇదంతా పాత కథ అనుకోవద్దు. భద్రాచలం దాటి శబరి వెంబడి చింతూరు వైపు వెళ్తే అవతల ఛత్తీస్‌గఢ్ అడవి మొదలవుతుంది. చింతూరు 2014 వరకు మన ఖమ్మం జిల్లాలోనిదే, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2024 ఆగస్టులో అవతలి కోంట దగ్గర ఇసుక అక్రమ రవాణా గురించి వార్త రాయడానికి వచ్చిన నలుగురు బస్తర్ విలేకరులను చింతూరు పోలీసులు అరెస్టు చేశారు. వారి కారులో గంజాయి దొరికిందన్నారు. ఆ గంజాయి కావాలని పెట్టించిందని తోటి విలేకరులు రోడ్డెక్కి అరిచారు. విచారణ జరిగి కోంట పోలీసు స్టేషను అధికారి మీదనే కేసు పడింది, అరెస్టయ్యారు. బయట నిలబడి అరిచేవారు లేకపోతే ఆ నలుగురూ గంజాయి దొంగలుగానే మిగిలిపోయేవారు.

2025 జనవరిలో, అదే అడవికి అవతల బీజాపూర్‌లో, రోడ్డు పనుల్లో అవినీతిని బయటపెట్టిన విలేకరి ముకేశ్ చంద్రాకర్ శవం ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. కాచిగూడ చౌరస్తాకూ బీజాపూర్‌కూ మధ్య 76 ఏళ్ల దూరం ఉంది. చంపే పద్ధతి మారింది. చంపే కారణం మారలేదు.

2020 అక్టోబరులో హత్రాస్ వెళ్తూ అరెస్టయిన కేరళ విలేకరి సిద్దీఖ్ కప్పన్ కోసం అక్కడి పాత్రికేయుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 సెప్టెంబరులో బెయిలు దొరికింది. 2023 ఫిబ్రవరిలో గానీ ఆయన బయటకు రాలేదు. అప్పుడు మనలో చాలామంది దుఆ చేశాం, మాట్లాడాం. మంచిదే. మరి బస్తర్ విలేకరుల కోసం ఎందరం మాట్లాడాం? ముకేశ్ కోసం ఎన్ని మసీదుల ముందు నలుగురు కూడారు? బీ అమ్మాఁ నేర్పిన పాఠం మనకు సగమే వంటబట్టిందేమో అనిపిస్తుంది.

మనకు మిగిలిన పని

సోదర సోదరీమణులారా! షోయబుల్లా ఖాన్ గారి కోసం మనం పెద్ద పనులు చేయనక్కరలేదు. ఆగస్టు 22 వచ్చినప్పుడు ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి ఆయన కథ చెబితే చాలు. మానుకోట మీదుగా రైలు వెళ్తున్నప్పుడు పక్కన కూర్చున్న చిన్నవాడికి కిటికీలోంచి స్టేషను చూపించి ఆ పేరు చెబితే చాలు. చెప్పేటప్పుడు ఆయనను చంపినదెవరో దాచవద్దు. సెప్టెంబరులో మనవాళ్లకు జరిగిన అన్యాయమూ దాచవద్దు. రెండూ చెబితేనే బిడ్డకు న్యాయమంటే ఏమిటో తెలుస్తుంది.

రెండవ పని, ఎక్కడైనా ఒక విలేకరిని రాసినందుకు పట్టుకుపోయారని తెలిస్తే ముందు అతని పేరు చూసి, తర్వాత నోరు తెరిచే అలవాటు మానుకుందాం. అతను రాసింది మనకు నచ్చకపోవచ్చు. నచ్చకపోతే జవాబు రాయాలి. కాగితానికి జవాబు కాగితమే. ఒక పత్రికను మూయించిననాడు ఇంకొక పత్రికలో చేరి, అదీ మూతపడిననాడు ఇంట్లో నగలు అమ్మి మూడవది పెట్టిన మనిషి చూపించిన దారి ఇదే.

మాకు ఆ పెద్దాయన కోప్పడిన సభ మళ్లీ మళ్లీ గుర్తుకొస్తుంది. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే ఈ వ్యాసం పట్టుకెళ్లి చదివి వినిపించేవాళ్లం. మన చచ్చినవాళ్ల సంగతి కూడా ఇందులో రాశాం చాచా, ఇక షోయబ్ కోసం కూడా ఒకసారి చేతులెత్తండి అని అడిగేవాళ్లం. ఆయన కాదనరనే మా ఆశ.

అల్లాహ్ మర్హూం షోయబుల్లా ఖాన్‌ను తన కరుణలో ఉంచుగాక. 1948లో అటూ ఇటూ అన్యాయంగా ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు ఊరట కలిగించుగాక. నిజం రాసినందుకు ఈనాడు చెరలో ఉన్న ప్రతి ఒక్కరికీ విడుదల ప్రసాదించుగాక. వారి పక్షాన మాట్లాడే ధైర్యం మనకు ఇచ్చుగాక. ఆమీన్.